నాలుగు చక్రాల పాడె

బుచ్చిరాములు తన పాడె తానే చేసి పెట్టుకున్నాడన్న సంగతి చిలకానగర్‌లో ఆ పొద్దున తొమ్మిది దాకా ఎవరికీ తెలియదు, పెళ్ళాం మల్లవ్వకు తప్ప. ఆమె దాన్ని మూడున్నరేళ్ళు కడుపులో దాచుకుంది. మల్లవ్వ కడుపులో ఒక మాట అన్నాళ్ళు నిలిచిందంటే ఆ వాడకట్టులో ఎవరూ నమ్మరు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. మల్లవ్వకు ఈ మధ్య కాలు నొప్పి చేసింది గాని, నోరు మాత్రం భేషుగ్గా ఉంది.

మనిషి పోయింది ముందురోజు సాయంత్రం. నాచారంలో ఎవరింటికో కిటికీ గ్రిల్లు బిగించి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కొని, "ఛాతిల జర పట్టేసినట్టున్నది" అన్నాడు. మల్లవ్వ బెదిరిపోయి, ఆటో మాట్లాడుకొస్తానంది. "ఆటో ఎందుకే? దవాఖానా ఏమన్న ఢిల్లీల ఉన్నదా? నడుస్త" అని చొక్కా తొడుక్కున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. గేటు దాకా వచ్చి, గేటు పట్టుకొని, మెల్లగా కూర్చున్నాడు. అంతే. వెనకాలే చెప్పులు పట్టుకొని వచ్చిన మల్లవ్వకు, మనిషి పోయాడని అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

పొద్దున్నే పక్కింటి ఆటోడ్రైవరు పోశయ్య ఉప్పల్ పోయి, తన ఆటో నెత్తిన వెదురుబొంగులు కట్టుకొచ్చాడు. గల్లీలో మగవాళ్ళు నలుగురు కూర్చొని తాళ్ళు పేనడం మొదలుపెట్టారు. మల్లవ్వ శవం దగ్గరనుంచి లేచి, కొంగు దోపుకొని బయటికి వచ్చింది.

"ఆ కట్టెలు తీస్కపోర్రి. పాడె ఉన్నది" అంది.

దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు. పోశయ్య లేచి, "వదినా, నువ్వు లోపట కూసో, మేమంత సూస్కుంటం" అన్నాడు. మల్లవ్వ అతని మొహం చూడనైనా చూడలేదు. కొడుకు బాలరాజును వెంటబెట్టుకొని, ఇంటి ముందు రేకుల షెడ్డులోకి పోయి, మూలన కప్పి ఉన్న టార్పాలిన్ పట్టా ఒక్క గుంజు గుంజింది.

ఏం చెప్పాలి! ఆరున్నర అడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. ఇనుప యాంగిళ్ళ చట్రం, దాని మీద పైపుల పడక. కింద నాలుగు రబ్బరు చక్రాలు. వెనక నూకడానికి పిడి, పిడి పక్కన బ్రేకు. పూలదండలు జారకుండా అటు నాలుగు, ఇటు నాలుగు కొక్కేలు. ఎవరి గేటుకో వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు. ఒక్కచోట తుప్పు లేదు. ఏటా దసరాకు షెడ్డులో పనిముట్లతో పాటు దీనికీ గ్రీజు పెట్టేవాడు గదా మహానుభావుడు!

బాలరాజు నోరు తెరుచుకొని నిలబడ్డాడు. మల్లాపూర్‌లో మందుల కంపెనీలో పని చేసేవాడు, ముప్పై రెండేళ్ళవాడు, రోజూ ఆ షెడ్డు ముందునుంచే బండి తీసేవాడు. "అమ్మా, ఇదేంది? నాయిన ఎన్నడు జేసిండు? నాకెందుకు జెప్పలే?" అన్నాడు.

"నాకు మాత్రం సెప్పి జేసిండా? అయినంక సెప్పిండు" అంది మల్లవ్వ.

ఈ బుచ్చిరాములు సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే పిచ్చివాడనుకుంటారు. పిచ్చివాడు కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం, అంతే. ఇరవై ఏళ్ళ వయసులో జనగామ దిక్కునుంచి ఒక ఇనుపపెట్టె పట్టుకొని నాచారం పైపుల కంపెనీలో లేత్ మిషన్ మీద పనికి వచ్చాడు. లాలాపేట్‌లో సొంత మేనమామ ఉండె. మా ఇంట్లో ఉండు బిడ్డా అంటే, దండం పెట్టి వచ్చి కంపెనీ గోదాములో గోనెసంచుల మీద పడుకున్నాడు. ఇల్లు కట్టుకున్నది కూడా అట్లాగే. ఆదివారం ఆదివారం పునాది తానే తవ్వాడు, గోడ తానే లేపాడు. మల్లవ్వ దారం చివర పట్టుకొని నిలబడేది. "సక్కగ పట్టుకోయే" అని ఆయన, "గోడ వంకర నాది కాదు, నీ కన్నుది" అని ఈమె, అట్లా మూడేళ్ళు గడిచాయి. గోడ కాస్త వంకరగానే వచ్చింది. ఎవరి తప్పన్నది తేలలేదు.

కంపెనీ మూతబడ్డాక ఇంటి ముందే వెల్డింగు పెట్టాడు. ఆ గల్లీలో ఆయన చెయ్యి పడని గేటు లేదు. విరిగిన మంచం కోడు, ఊడిన కుక్కరు పిడి, బడికిపోయే పిల్లల సైకిలు, ఏది తెచ్చినా వెల్డింగు టాకా వేసి ఇచ్చేవాడు. ఒక్క టాకాకు పైసలేంది, పో అనేవాడు. సరే, చాయన్నా తాగుపో అంటే, "ఇప్పుడే తాగిన" అనేవాడు. ఆయన ఇప్పుడే తాగిన చాయలన్నీ కలిపితే ఉప్పల్ చెరువు నిండుతుందని గల్లీలో ఎగతాళి చేసేవారు. కళ్ళజోడు కాడ విరిగితే రాగితీగతో కాడ చేసుకొని ఆరేళ్ళు పెట్టుకున్నాడు. కూతురు స్వర్ణలత మొదటి జీతంతో కొత్తది తెస్తే, తీసుకొని కళ్ళకద్దుకొని పెట్టెలో పెట్టాడు. ఆ రోజు ఆ పిల్ల ఎంత ఏడ్చిందో ఆయనకు తెలియదు, మల్లవ్వకు తెలుసు.

అట్లాంటి మనిషి జీవితంలో ఒక్కసారి ఒకరి గడప తొక్కి సాయం అడిగాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు. చిదంబరం అని, కంపెనీలో పక్క మిషన్ మీద పద్దెనిమిదేళ్ళు కలిసి పనిచేసినవాడు, మూడిళ్ళ అవతల ఉండేవాడు, ఇంట్లోనే పోయాడు. పెళ్ళాం, ఆడపిల్ల తప్ప ఎవరూ లేరు. గల్లీలో అన్ని తలుపులూ మూసుకున్నాయి. బుచ్చిరాములు వచ్చి పోశయ్య తలుపు కొట్టాడు. "పోశిగా, ఒక్క చెయ్యి వెయ్యిరా. నేనొక్కన్ని లేపలేను" అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. "అన్నా, ఇంట్ల పసిపిల్లలున్నరు, నన్ను మాఫ్ చెయ్యి" అని లోపలినుంచి వినబడింది. బుచ్చిరాములు ఇంకొక్క తలుపూ కొట్టలేదు. కూరగాయల తోపుడుబండి ఒకటి తెచ్చి, చిదంబరాన్ని ఎట్లా ఎత్తాడో ఏమో ఎత్తి, ఒక్కడే నూక్కుంటూ పోయాడు. వచ్చి, గల్లీలోనే బట్టల మీద నీళ్ళు పోసుకొని, పదిహేను రోజులు షెడ్డులోనే పడుకున్నాడు.

తర్వాత వారానికే పోశయ్య పెళ్ళాం కుక్కరు పట్టుకొస్తే పిడి బిగించి ఇచ్చాడు. "భయం అసొంటిదే. వాన్ని తప్పు వట్టొద్దు" అని మల్లవ్వతో అన్నాడు. మల్లవ్వ తప్పు పట్టింది. పట్టి, ఈనాటి దాకా వదల్లేదు. పోశయ్య "వదినా" అంటే "ఊఁ" అనడమే, అంతకు మించి ఒక్క మాట ఎక్కువ లేదు.

ఆ ఏడు చలికాలంలో షెడ్డులో ఈ బండి తయారైంది. ఒకనాడు మధ్యాహ్నం, "ఇటు రాయే, దీని మీద జర పండు, బరువు ఆగుతదా లేదా సూస్త" అని పిలిచాడు. ఏదో మంచమనుకొని మల్లవ్వ ఒక కాలు పెట్టింది కూడా. తర్వాత అసలు సంగతి చెప్పాడు. చీపురు తీసుకొని షెడ్డు చుట్టూ రెండు రౌండ్లు తరిమింది. ఆయన నవ్వుతూనే ఉరికాడు. ఆయాసపడి ఇద్దరూ ఆ బండి మీదనే కూలబడ్డారు. అప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ముంగట కొడుకు అగ్గి పట్టుకుంటడు. ఎనుకనుంచి అల్లుడు నూకుతడు. ఇంటోళ్ళు ఇద్దరు సాలు. నా కోసం ఎవ్వల తలుపు కొట్టొద్దు. నన్ను ఎవ్వల భుజం మీద పెట్టొద్దు. మాటియ్యి."

"మరి నేను ముంగట పోతే?"

"ఎవలు ముంగట పోతే బండి వాళ్ళది."

ఆమె మాటిచ్చింది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆయన తననుంచి చెయ్యి చాపి తీసుకున్నది ఆ ఒక్క మాటే. అందుకే ఇవాళ శవం పక్కన కూర్చున్నా ఆమె మనసు ఏడుపు మీద లేదు. ఈ మాట చెల్లుతుందా లేదా అన్నదాని మీదే ఉంది.

బండిని గల్లీలోకి తీసేసరికి డప్పులవాళ్ళు కూడా వాయించడం ఆపేశారు. జనం గుసగుసలాడారు. మనిషన్నవాడు నలుగురి భుజాల మీద పోవాలి గాని బండి మీద పోవడమేమిటి, ఊళ్ళో నలుగురు మనుషులు కరువయ్యారా అని ఒక ముసలాయన గట్టిగానే అన్నాడు. పోశయ్య పేనుతున్న తాడు కింద పెట్టి, మల్లవ్వ ముందుకు వచ్చాడు.

"వదినా, ముప్పై ఏండ్ల సంది అన్న మా ఇంట్ల ఒక్క చాయ తాగలే. ఒక్క పని జేయనియ్యలే. ఇయ్యాల ఒక్క భుజం వెట్టనియ్యి. నీ కాళ్ళు మొక్కుత."

"భుజం యాదికొచ్చిందా ఇయ్యాల? ఆనాడు ఆ మనిషి తలుపు కొడితే తెర్సినవా?"

గల్లీ అంతా విన్నది. పోశయ్య తల దించుకున్నాడు. మిగతా మగవాళ్ళు కూడా దించుకున్నారు, ఎందుకంటే ఆనాడు మూసుకున్నది పోశయ్య తలుపొక్కటే కాదు. స్వర్ణలత తల్లి చెయ్యి పట్టుకొని, "అమ్మా, ఇప్పుడెందుకే గిట్ల మాట్లాడుతవు? ఒప్పుకోరాదు?" అంది.

"మీ నాయినకు మాటిచ్చిన. మీరంత యినుర్రి! బండి మీద మా ఇంటోళ్ళ చెయ్యి తప్ప పరాయి చెయ్యి పడొద్దు. వచ్చేటోళ్ళు ఎనుక నడువుర్రి. రానోళ్ళు ఇంటికి పోర్రి."

ఎవరూ ఇంటికి పోలేదు.

స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, బండి మీద పడుకోబెట్టారు. కొలత తీసి కుట్టిన చొక్కాలా సరిగ్గా సరిపోయాడు. బాలరాజు ముందు నిప్పుకుండ పట్టుకున్నాడు. వెనక పిడి పట్టింది అల్లుడు జగన్మోహన్. మల్కాజిగిరిలో రైల్వే ఆఫీసులో గుమాస్తా, సన్నటి మనిషి, చేతుల్లో కలం తప్ప బరువైనది ఎన్నడూ పట్టి ఎరగడు. అయినా బండి కిర్రుమనకుండా కదిలింది. బుచ్చిరాములు బేరింగులు గదా! మల్లవ్వ పక్కన నడుస్తూ, "సూస్తున్నవా, నీ మాట నిలవెట్టిన" అని లోపల్లోపలే అనుకుంది. గర్వంగానే అనుకుంది.

కానీ నాలుగిళ్ళు దాటేసరికి ఏదో వెలితిగా తోచి, వెనక్కి చూసింది. నలభై మంది మగవాళ్ళు వస్తున్నారు. మామూలుగా అయితే ఆ నడకలో ఒక సందడి ఉంటుంది, భుజం మార్చుకో, నేను పడతా, నువ్వు దిగు అని. ఇవాళ ఎవరికీ పని లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు వెనక్కి కట్టుకున్నారు, కొందరు ఊరికే తువ్వాలు సర్దుకుంటున్నారు. పోశయ్య అందరికన్నా చివర, చెప్పులు లేకుండా నడుస్తున్నాడు. మల్లవ్వ మొహం తిప్పుకుంది. తిప్పుకున్నా అవే కళ్ళలో మెదులుతున్నాయి.

గల్లీ మలుపు తిరగ్గానే డప్పు ఆగింది. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా కందకం. ఏ పైపు కోసమో ముందురోజు మధ్యాహ్నం ఎవరో తవ్వి, మట్టి పక్కన పోసి పోయారు. చావింటికి వచ్చినవాళ్ళంతా మెయిన్ రోడ్డు దిక్కునుంచే వచ్చారు, ఇటు వచ్చి చూసినవాళ్ళు లేరు. మనుషులు దాటడానికి అడ్డంగా రెండు పలకలు వేసి ఉన్నాయి, అడుగున్నర వెడల్పు. బండి వెడల్పు మూడడుగులు. గల్లీ కొలిచాడు, స్పీడ్ బ్రేకర్లు కొలిచాడు, శ్మశానం గేటు కూడా కొలిచి వచ్చాడు బుచ్చిరాములు. నిన్న తవ్విన గుంతను పాపం ఎట్లా కొలుస్తాడు?

"ఎనక్కి తిప్పుకొని మెయిన్ రోడ్డు మీదికెళ్ళి పోదామా?" అన్నాడు జగన్మోహన్. "శవాన్ని ఎనక్కి తిప్పుతరా అల్లుడా, తప్పు" అని ముసలాయన గదమాయించాడు. అప్పటికే ముందు చక్రాలు వదులుమట్టిలో దిగబడ్డాయి. జగన్మోహన్ దమ్ముపట్టి నూకాడు. కదల్లేదు. బాలరాజు చేతిలో నిప్పుకుండ కింద పెట్టడానికి లేదు. అటూ ఇటూ చూశాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వర్ణలత వచ్చి మొగుడి పక్కన చెయ్యి వేసింది. మల్లవ్వ నడుము వంచి తానూ వేసింది. ముగ్గురూ కలిసి నూకితే బండి ఇంకో బెత్తెడు దిగబడి, ఒక పక్కకు ఒరిగింది. మీదున్న మనిషి తల కొంచెం పక్కకు వాలింది.

నలభై మంది చూస్తున్నారు. ఒక్కరూ ముందుకు రాలేదు. రావాలని లేక కాదు, ఆమె వద్దంది కాబట్టి రాలేదు. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి.

పిలవాలి. ఒక్క మాట చాలు. ఆ మాట మల్లవ్వ నోటికి రాలేదు. ఎంత నోరున్న మనిషి! కూరగాయలవాడిని, కరెంటువాడిని, కార్పొరేటరును కూడా గడగడలాడించిన నోరు. తిట్టడం వచ్చు, నిలదీయడం వచ్చు, సాయం పట్టమని అడగడం రాదు. ఆ ఇంట్లో ముప్పై ఆరేళ్ళలో ఎవరూ ఆ మాట నేర్చుకోలేదు. ఆయన నేర్చుకోనివ్వలేదు.

మొగుడి మొహం చూసింది. కోపం లేదు ఆ మొహంలో. ఎన్నడుండె గనక? తప్పు వట్టొద్దన్నాడు, కుక్కరు పిడి బిగించి ఇచ్చాడు. మరి అంత మంచివాడివి, ఈ బండి ఎందుకు చేసుకున్నావయ్యా? అప్పుడు తట్టింది మల్లవ్వకు. అలిగాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి ఒకరిని అడిగాడు, అది కాదనిపించుకున్నాడు. పైకి ఒక్క మాట అనకుండా పోయి షెడ్డులో కూర్చొని, ఆ అలకకు నాలుగు చక్రాలు బిగించుకున్నాడు. పెళ్ళాంతో కూడా చెప్పుకోలేదు. పిచ్చి మనిషి, పిచ్చి మనిషి! ఒక్కసారి తన దగ్గర కూర్చొని ఏడిస్తే ఏం పోయేది? తానన్నా అడిగిందా? ఆయన అలకను పట్టుకొని తానింకా నాలుగేళ్ళు నీళ్ళు పోసి పెంచింది, మొగుడి పక్షం వహిస్తున్నాననుకొని.

దగ్గి, కొంగుతో మొహం తుడుచుకొని, మళ్ళీ నోరు తెరిచింది.

"పోశన్నా!"

నాలుగేళ్ళకు వినబడ్డ పిలుపు. చివర ఉన్న పోశయ్య ఉలిక్కిపడి తలెత్తాడు.

"నా వల్ల అయితలేదు పోశన్నా. మీ అన్న ఒరిగిపోతుండు. వచ్చి పట్టు."

పోశయ్య పరుగెత్తుకొచ్చాడు. ముందు వాలిన తలను రెండు చేతులతో సరిచేశాడు. "అన్నా, వచ్చిన అన్నా, వచ్చిన" అంటూ వలవల ఏడ్చాడు. తర్వాత తలవైపు ఇనుపచట్రం కింద భుజం పెట్టాడు. ఆ వెనక ఎవరెవరు వచ్చారో మల్లవ్వకు తెలియలేదు. కందకంలో నలుగురు దిగారు, ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. మామూలు పాడెకైతే నలుగురు చాలు. బుచ్చిరాములు ఏ పని చేసినా గట్టిగా చేస్తాడాయె. అంత ఇనుము లేపడానికి పద్నాలుగు మంది కావలసి వచ్చింది.

"నూకకుర్రి, లేపుర్రి! జర పైలం, ఎడమ దిక్కు!"

బండి మట్టిలోంచి ఊడి పైకి లేచింది. కందకం దాటింది. అవతల గట్టి రోడ్డు, నున్నగా ఉంది. అక్కడినుంచి శ్మశానం దాకా ఒక్క గుంత లేదు. పోశయ్య భుజం మీద బరువుతోనే మెడ తిప్పి, మల్లవ్వ కోసం వెతికాడు. కళ్ళనిండా నీళ్ళే, అయినా అడగకుండా ఉండలేకపోయాడు.

"గుంత దాటినం వదినా. ఇగ దించుమంటవా? అన్నకు మాటిచ్చినవాయె."

వెనక ఉన్నవాళ్ళు అప్పటికే తువ్వాళ్ళు మడిచి భుజాల మీద వేసుకొని, తమ వంతు కోసం వరుస కట్టారు. వాళ్ళూ ఆగి ఆమెవైపే చూశారు. మల్లవ్వ కందకం మీది పలక మీద నిలబడింది. కూతురు చెయ్యి పట్టుకొని ఉంది. అంత ఎత్తున ఆకాశం కింద పడుకున్న మొగుణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు.

"దించకుర్రి" అంది. "మోసుకపోర్రి పోశన్నా. అక్కడ ఆయన అడుగుతే నేను జెప్పుకుంట."